తొలకరి సత్తువ ఎక్కడిది? బెట్ట విరిగాక యూరియా ఎప్పుడు?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎర్ర నేల, ఆరెకరాలు. నాలుగెకరాల్లో వేరుశనగ, మధ్యమధ్యలో కంది సాళ్లు. రెండెకరాల్లో కొర్ర. బెంగళూరులో ఉద్యోగం మానుకుని వచ్చి మూడేళ్లుగా నేనే సేద్యం చూసుకుంటున్నా. "తొలి వానలో సత్తువ ఉంటాదిరా, దానికి సాటొచ్చే ఎరువు లేదు" అంటాడు మా నాయన. ఈసారి తొలకరికి మొలిచిన కొర్ర ఏమీ వేయకుండానే నల్లగా కమ్ముకొచ్చింది. తర్వాత ఇరవై రోజులు దాటినా చినుకు లేదు, ఆకు పాలిపోయింది. మళ్లీ వాన పడ్డాక నాలుగైదు రోజుల్లో దానంతటదే తేరుకుంది. పక్క చేను మా చిన్నాయనది. వాన పడిన మర్నాడే యూరియా చల్లినాడు. పైరు ఏపుగా లేచింది గానీ తర్వాతి బెట్టకు మాకంటే ముందే మాడింది. వేరుశనగ కూడా అక్కడక్కడా పసుపు తిరిగింది. మే నెలలో చేయించిన భూసార పరీక్షలో నత్రజని "తక్కువ" అని వచ్చింది. ఉన్నట్టా, లేనట్టా? వాన పడగానే యూరియా వేయాలా? బెట్టకు నేలలోని జీవం చచ్చిపోతుందా? చివరగా, చెరువు మట్టి తోలిస్తే ఏమైనా లాభమా?

జవాబు: మీ నాయన చూసింది నిజమే. ఆ సత్తువ పైనుంచి వానతో దిగింది అనుకోవడంలోనే తిరకాసు ఉంది. మెరుపుల వేడికి గాలిలోని నత్రజని కొంత మారి చినుకుతో పాటు కిందికి వస్తుంది. ధూళి, అమ్మోనియా కూడా దాంతో కలిసి దిగుతాయి. అయితే ఏడాది వానలన్నీ కలిపినా ఇలా వచ్చేది ఎకరాకు కొద్ది కిలోలే. ఒక్క తొలకరి వానకు వచ్చే వాటా ఎంతుంటుందో మీరే ఊహించుకోవచ్చు. రెండు మూడు వారాల్లో కొర్ర నల్లబడాలంటే అది ఏ మూలకూ చాలదు. ఆ నత్రజని మీ చేనులోదే. ఎండాకాలమంతా నేలలో తయారై, తీసుకునే వేరు లేక ఆగి, తొలి పదునుకు ఒక్కసారిగా బయటపడింది.

ఒకసారి లెక్క వేద్దాం. 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసుకుంటే ఎకరం మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. అనంతపురం ఎర్ర నేలల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోపే ఎక్కువ చోట్ల. మీ చీటీలో 0.3 ఉందనుకుందాం. అంటే 2,700 కిలోల కర్బనం. నేలలోని సేంద్రియ పదార్థంలో పది, పన్నెండు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. ఆ లెక్కన మీ ఎకరంలో సుమారు 250 కిలోల నత్రజని ఉంది. 45 కిలోల యూరియా బస్తాలు పన్నెండింటిలో ఉండేంత! కానీ అదంతా కుళ్లిన వేళ్లు, ఆకులు, సూక్ష్మజీవుల కళేబరాల్లో బిగిసిపోయిన సరుకు. వేరు దాన్ని నేరుగా తీసుకోలేదు. సూక్ష్మజీవులు విడగొట్టి అమ్మోనియంగా, ఆపైన నైట్రేట్‌గా మారిస్తేనే పైరుకు అందుతుంది. ఇలా విడివడేది ఏడాదికి నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు. అంటే ఎకరాకు ఐదు నుంచి పది కిలోలు.

కాలవ కింద నేలల్లో ఈ విడుదల నెలల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది. వాన మీదే ఆధారపడిన మెట్ట నేలల్లో అలా కుదరదు. బెట్ట విరిగిన ప్రతిసారీ ఒక విడత వస్తుంది. అన్నింటిలోకి పెద్ద విడత తొలకరిది. ఎండ ఎంత గట్టిగా, ఎంత కాలం కాస్తే తొలి తడికి వచ్చే విడత అంత పెద్దది.

ఈ సంగతిని పద్ధతిగా కొలిచి చెప్పినాయన బర్చ్ అనే మృత్తికా శాస్త్రవేత్త. కెన్యాలో నైరోబీ పక్కన ముగుగా పరిశోధన కేంద్రంలో పనిచేశాడు. అక్కడా మనలాగే ఎండాకాలం, ఆ వెంటనే తొలకరి. మట్టిని ఎండబెట్టి తడిపితే, ఎప్పుడూ తేమగా ఉంచిన మట్టికంటే ఎక్కువ బొగ్గుపులుసు వాయువు, ఎక్కువ నత్రజని విడుదలవుతాయని 1958లో ప్రచురించాడు. అదే మట్టిని మళ్లీ ఎండబెట్టి మళ్లీ తడిపితే మళ్లీ వస్తుంది, కాకపోతే విడత విడతకూ తగ్గుతూ పోతుంది. ఇప్పటికీ మట్టి శాస్త్రంలో దీన్ని బర్చ్ ప్రభావం అనే అంటారు. ఆ తగ్గుతూ పోవడం అన్న ముక్కను గుర్తుపెట్టుకోండి, మీ చేనుకు అసలు సంగతి అక్కడే ఉంది.

ఇక బెట్టకు నేలలోని జీవం చస్తుందా అన్న ప్రశ్న. కొంత చస్తుంది, కొంత నిద్రపోతుంది, కొంత పని చేస్తూనే ఉంటుంది. మొక్క వాడిపోయి ఇక తేరుకోలేనంతగా నేల ఎండినా మట్టి రేణువులను అంటుకుని సన్నటి నీటి పొర మిగులుతుంది. ఆ పొరలో ఎంజైములు, గట్టి పిండాలైన కొన్ని సూక్ష్మజీవులు నెమ్మదిగా పని కానిస్తూనే ఉంటాయి. తీసుకునే వేరు ఉండదు, కడిగేసే వాన ఉండదు. వచ్చిన కాస్త నత్రజని వచ్చినట్టే పోగవుతుంది. కాలిఫోర్నియాలో ఎండాకాలం చినుకు పడని గడ్డి నేలల్లో కూడా వానలకు ముందు మట్టి తీసి చూస్తే ఇదే కనిపించింది. గడ్డి ఎండి చచ్చి ఉంటుంది, మట్టిలో అమ్మోనియం మాత్రం పెరిగి ఉంటుంది.

బతికున్న బాక్టీరియా చేసే పని ఇంకా తమాషా. ఒంట్లోని నీరు పోకుండా ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్ లాంటి పదార్థాలను లోపల దట్టంగా నింపుకుంటుంది. వాటిలో నత్రజని ఉంటుంది. వాన పడగానే బయటి నీరంతా లోపలికి దూసుకొస్తుంది. నీళ్లలో వేసిన ఎండుద్రాక్షలా బాక్టీరియా ఉబ్బిపోతుంది. దాచుకున్నదాన్ని గబగబా బయటికి వదిలిందా, బతుకుతుంది. వదల్లేకపోతే పగులుతుంది. ఎలా జరిగినా నత్రజని చేరేది మట్టిలోకే. బెట్టలో చచ్చినవాటి కళేబరాలు దీనికి తోడు. మిగిలినవి వాటిని తిని గంటల్లోనే ఊపందుకుంటాయి. తొలకరి మట్టి వాసన కూడా చాలామటుకు ఈ నేల బాక్టీరియాలో ఒక జాతి తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిదే. కాబట్టి మీ నాయన "సత్తువ" అన్నప్పుడు ముక్కు కూడా అబద్ధం చెప్పలేదు.

ఈ విడతకు మూడో కారణాన్ని మీ కంటితో మీరే చూడవచ్చు. గోలీకాయంత ఎండిన మట్టిగడ్డను చేనులోంచి ఒకటి, గట్టు మీద గడ్డి వేళ్ల మధ్య నుంచి ఇంకొకటి తీసుకోండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి వాటిని మెల్లగా వదలండి. చేను గడ్డ బుడగలు కక్కుతూ, అంచులు రాలుతూ చూస్తుండగానే అడుగున కుప్పవుతుంది. గట్టు గడ్డ చాలాసేపు గడ్డగానే నిలుస్తుంది. ఎండిన గడ్డలోకి నీరు ఒక్కసారిగా చొరబడితే లోపల చిక్కుకున్న గాలి దాన్ని పగలగొడుతుంది. అన్నాళ్లూ ఆ గడ్డ కడుపులో సూక్ష్మజీవులకు అందకుండా ఉన్న సేంద్రియ పదార్థం అప్పుడు బయటపడి వాటి నోట్లో పడుతుంది. చేను గడ్డ అంత సులువుగా కూలిపోయిందంటే ఏటా దున్ని, ఏటా ఎండి, ఏటా తడిసి అందులో మట్టిని పట్టి ఉంచే జిగురు తరిగిపోయిందన్నమాట.

వాన పడిన గంటల్లోనే మట్టి ఊపిరి పెరుగుతుంది. ఆ హడావిడి రెండు మూడు రోజుల నుంచి వారం వరకు ఉండి తగ్గిపోతుంది. ముందు అమ్మోనియం వస్తుంది. దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కాస్త మందకొడివి, తేరుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత నైట్రేట్ పెరుగుతుంది. ఈ వారం పది రోజుల్లో మీ చేనులో వేరు ఎక్కడుంది? కొర్ర మొలక వేరు అప్పటికి బెత్తెడు. వేరుశనగ గింజ కొన్నిసార్లు ఇంకా సంచిలోనే ఉంటుంది. సరుకు వచ్చిన రోజున అందుకునేవాడు లేడు. మెట్ట నేలల్లో నత్రజని చిక్కు చాలామటుకు ఇక్కడే ఉంది. ఎంత ఉంది అన్నది రెండో ప్రశ్న. వచ్చిన వేళకు వేరు ఉందా అన్నది మొదటిది.

వేరు లేకపోతే ఏమవుతుందంటే, కొంత గాలిలో కలుస్తుంది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం మీద జూన్‌లో తొలి వానలు పడగానే నేలలోంచి నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు ఎగుస్తాయి. వాటిని ఆకాశంలోని ఉపగ్రహాలే పసిగట్టాయి! అక్కడ పెద్ద ఫ్యాక్టరీలు లేవు, రసాయన ఎరువుల వాడకమూ నామమాత్రమే. మట్టి ఒక్కటే. మార్చి నుంచి మే దాకా మనకు పడే ఐదారు మిల్లీమీటర్ల వేసవి జల్లులు కూడా ఇదే పని చేస్తాయి. సూక్ష్మజీవులు లేవడానికి ఆ తడి చాలు, విత్తు మొలవడానికి చాలదు. లేచినవి కాస్త నత్రజనిని విడగొట్టి మళ్లీ ఎండిపోతాయి. అందులో కొంత అలాగే గాలికి పోతుంది.

మిగిలింది నైట్రేట్‌గా నీటితో కిందికి జారుతుంది. మీలాంటి గరుకు ఎర్ర నేలల్లో ఇది ఇంకా ఎక్కువ. నేల తడిసి నిండాక పైన పడే ప్రతి 25 మిల్లీమీటర్ల వాన నైట్రేట్‌ను దాదాపు జానెడు కిందికి దించగలదు. ఒక్క రాత్రిలో 80 మిల్లీమీటర్లు కురిస్తే అది మొలక వేరుకు అందని లోతుకు పోయినట్టే. అమెరికా నైరుతి ఎడారుల అడుగున ఇలా వేల ఏళ్లుగా జారి పేరుకున్న నైట్రేట్ నిల్వలు బయటపడ్డాయని 2003లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఎడారి పొదల వేళ్లకు కూడా అందకుండా పోయిన సరుకు అది. మన దగ్గర అది బోరు నీళ్లలో తేలుతుంది. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. రాయలసీమలోనూ తెలంగాణలోనూ దాన్ని దాటిన బోర్లు చాలా ఉన్నాయి. దానికి పశువుల కొట్టాల మురుగు, మరుగుదొడ్లు, ఎరువులు అన్నీ కారణాలే, నిందంతా తొలకరి మీద వేయకూడదనుకోండి.

మీ భూసార చీటీ సంగతికి వస్తా. మన ప్రయోగశాలల్లో ఎక్కువగా మట్టిని పర్మాంగనేటు ద్రావణంతో మరిగించి, సులువుగా విడివడే నత్రజని ఎంతో చూస్తారు. కొన్ని చోట్ల సేంద్రియ కర్బనాన్ని బట్టి అంచనా కడతారు. హెక్టారుకు 280 కిలోల లోపు, అంటే ఎకరాకు 112 కిలోల లోపు వస్తే "తక్కువ" అని రాస్తారు. మన మెట్ట నేలలు దాదాపు అన్నీ ఆ గడిలోనే పడతాయి. ఆ అంకె నేలకు ఎంత వదిలే స్తోమత ఉందో చెబుతుంది. ఏ వానకు ఎంత వదులుతుందో, అప్పుడు వేరు ఉంటుందో లేదో చెప్పదు. అందుకే చీటీలో "తక్కువ" అన్నదీ, తొలకరికి కొర్ర నల్లబడిందీ రెండూ నిజమే. మొదటి మూడు వారాల మొలకకు కావలసింది కొంచెమే కాబట్టి ఆ విడత సరిపోయింది. గింజ పట్టేదాకా సరిపోదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మట్టి నమూనా ప్రతి ఏడూ ఒకే సమయంలో, తొలి వానకు ముందే తీయండి. ఒక ఏడు మేలో, ఇంకో ఏడు వాన పడ్డాక తీసి రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు.

మీ చిన్నాయన చేనుకు ఏమైందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. బెట్ట విరిగి నేల తన విడత తాను వదులుతున్న రోజునే ఆయన దానిమీద ఇంకో మోతాదు పోశాడు. పైరు ఆకు మీద ఆకు వేసింది. ఆకు పెరిగితే నీటి ఖర్చు పెరుగుతుంది. నేలలో ఉన్న కాస్త తేమనూ ఆ ఆకులు ముందే తాగేశాయి. తర్వాతి బెట్ట వచ్చేసరికి అడుగున ఏమీ మిగల్లేదు. ఆస్ట్రేలియాలో మెట్ట గోధుమ పండించేవాళ్లకు ఇది పాత తలనొప్పే. నత్రజని ఎక్కువైన చేలు ముందు పచ్చగా ఊరించి, గింజ పాలు పోసుకునే వేళకు తేమ చాలక ఎండి తాలు గింజలిస్తాయి. చిన్నాయనతో గొడవ పెట్టుకోవద్దు. ఆయన వేసిన ఎరువు తప్పు కాదు, వేసిన రోజు తప్పు.

మరి ఎప్పుడు వేయాలి? కొర్రకైతే సిఫారసు చేసిన నత్రజనిలో సగం విత్తేటప్పుడు, మిగతా సగం మూడు నాలుగు వారాలకు. ఆ రెండో సగానికి రోజు లెక్క పట్టుకుని కూర్చోకండి, పదును చూసుకోండి. బెట్ట విరిచిన వానైతే నేల వదిలే విడత తగ్గేదాకా ఆగండి. మంచి వాన పడి, రెండో రోజో మూడో రోజో కాలు దిగబడకుండా నడవగలిగినప్పుడు, కలుపు తీసి, సాళ్ల పక్కన వేసి దంతెతో మట్టి కప్పించండి. ఎండిన నేల మీద చల్లి వాన కోసం చూడటం, సన్న తుంపరలో చల్లి వదిలేయడం రెండూ నష్టమే. తుంపరకు యూరియా కరుగుతుంది గానీ లోపలికి దిగదు. పైనే అమ్మోనియాగా మారి, ఎండ రాగానే ఎగిరిపోతుంది. నల్లరేగడిలో సున్నం ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకా పోతుంది. వాన రాదు, పైరు పాలిపోతోంది అన్నప్పుడు నేలకు ఏమీ వేయవద్దు. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్లు పడితే ఖర్చయ్యేది నాలుగు కిలోలే.

మీ కొర్రలో నాలుగు సాళ్లకు రెండో మోతాదు వేయకుండా వదలండి. రెండు చివర్లా కర్రలు పాతి గుర్తు పెట్టండి. కోతప్పుడు ఆ నాలుగు సాళ్ల గింజా, పక్క నాలుగు సాళ్ల గింజా వేరువేరుగా తూచండి. మీ నేల ఎంత ఇస్తోందో ఏ ప్రయోగశాల చీటీ కంటే అదే బాగా చెబుతుంది.

వేరుశనగ దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టండి. వానాధార వేరుశనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, అంటే 17 కిలోల యూరియా, అదీ విత్తేటప్పుడే. గాలిలోని నత్రజనిని పట్టుకునే బుడిపెలు దాని వేళ్ల మీద ఉంటాయి. నేలలో నైట్రేట్ దండిగా ఉంటే ఆ బుడిపెలు కట్టడమే తగ్గుతుంది. ముప్పై రోజుల పైరులో నాలుగైదు చోట్ల మొక్కను పారతో మట్టి పెళ్లగా ఎత్తి, నీళ్లలో ముంచి మట్టి కడగండి. చేత్తో పీకితే బుడిపెలు నేలలోనే తెగి ఉండిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే అది పనిలో ఉంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు. బెట్టకు ఈ బుడిపెలు సోలిపోతాయి, వాన పడ్డాక తేరుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజుల పసుపును చూసి కంగారుపడి యూరియా చల్లేవాళ్లే ఎక్కువ.

పసుపు తిరిగింది అన్నారు గదా, ఏ ఆకులో చూడండి. కింది ముదురాకులు ముందు పాలిపోతే నత్రజని కొరత. పైన లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము కొరత. సున్నపు నేలల్లో జోరు వాన తర్వాత వచ్చే పసుపు చాలామటుకు ఈ రెండోదే, దానికి యూరియా పోసి లాభం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది.

మీ పొలంలో నాకు అన్నిటికంటే నచ్చింది కంది సాళ్లు. వేరుశనగ వేరు తీసుకోలేక వదిలేసిన నైట్రేట్ కిందికి జారింది కదా, సెప్టెంబరు అక్టోబరుల్లో దాన్ని లోతు నుంచి పైకి లాగేది కంది వేరే. రాల్చిన ఆకుతో అందులో కొంత మళ్లీ పై మట్టికే చేరుతుంది. కంది ధర బాగాలేని ఏడు కూడా ఆ సాళ్లను తీసేయకండి.

తొలకరి విడతను అందుకోవడానికి ఇంకో దారి, ఆ రోజుకు వేరు సిద్ధంగా ఉండేలా చూడటం. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం రైతులు వానలకు ముందే నవధాన్యాలకు మట్టి, పేడ పూత పట్టించి పొడి దుక్కిలో చల్లుతున్నది ఇందుకు బాగా పనికొస్తుంది. మొదటి చినుకులకే ఏదో ఒకటి మొలిచి నత్రజనిని ఒంట్లో పట్టుకుంటుంది. అసలు పైరు విత్తే ముందు దాన్ని కలియదున్నితే అది మట్టిలోనే ఉంటుంది. రెండెకరాల కొర్ర చేనులో ముందు చేసి చూడండి. ఆరెకరాల్లో ఒకేసారి దిగమని నేను చెప్పను. వానలు దోబూచులాడితే ఆ నవధాన్యాలే అసలు పైరు తేమను తాగేస్తాయి.

వేసవి దుక్కి గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఎర్ర గొంగళి పురుగు కోశాలను ఎండకు, పిట్టలకు పడేయడానికి ఒక దుక్కి మంచిదే. అంతటితో ఆపండి. వాన పడ్డప్పుడల్లా గుంటక తోలి నేలను పిండి చేస్తే పైన చెప్పిన గడ్డలు ఇంకా పగులుతాయి, ఆ ఏడు తొలకరి విడత పెద్దగా కనిపిస్తుంది, పైరు నల్లగా ఉంటుంది, చేసినవాడికి సంతోషంగా ఉంటుంది. తర్వాతి ఏళ్లలో చిన్నదవుతుంది. బర్చ్ చూసిన తగ్గుదల ఇదే. పెద్దకాలం నుంచి వేరుశనగ కట్టెను కూడా పీకి మేతకు అమ్ముకుంటున్న చేలల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

కాబట్టి ఏటా వదులుతున్నదానికి బదులు లోపలికి ఏదో వెళ్లాలి. ఎకరాకు నాలుగైదు టన్నుల పశువుల ఎరువు అని పుస్తకాలు చెబుతాయి. మీకు అంత దొరకదని నాకు తెలుసు. దొరికినంత వేయండి, కానీ చేనులో కుప్పలుగా ఎండబెట్టి నెలలు వదలకుండా వేసిన రోజే మట్టిలో కలపండి. గొర్రెల మందను ఆపించేవాళ్లయితే తొలి దుక్కికి దగ్గర్లో ఆపించండి. ఉచ్చలో ఉన్నది కూడా యూరియానే, మార్చిలో మంద ఆపితే మే నెల వచ్చేసరికి ఆరుబయటి ఎండకు అది అమ్మోనియాగా ఎగిరిపోతుంది. గట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటితే రెండో మూడో ఏటి నుంచి ఆకు కోసి సాళ్ల మధ్య పరవవచ్చు. ఆ ఆకులో నత్రజని బాగా ఉంటుంది, త్వరగా కుళ్లుతుంది, పశువులు కూడా అంతగా ముట్టవు.

చెరువు మట్టి తోలించండి, మీ నేలకు అది బాగా నప్పుతుంది. గరుకు నేలలో లేనిది బంక. ఆ బంక అమ్మోనియంను జారనీయకుండా పట్టుకుంటుంది, తేమను నాలుగు రోజులు ఎక్కువ నిలుపుతుంది. తేమ నిలిస్తే ఎండటం తడవటం మధ్య ఎగుడుదిగుడు కూడా తగ్గుతుంది. చెరువులోకి వచ్చిన ఆ మట్టి ఒకప్పుడు మీలాంటి చేల పై పొరే కాబట్టి సేంద్రియ పదార్థం కూడా మీ చేనుకంటే ఎక్కువగా ఉంటుంది. తోలే ముందు ఒక కిలో మట్టిని భూసార కేంద్రానికి ఇచ్చి ఉప్పు, చౌడు ఉన్నాయేమో చూపించుకోండి. ఉంటే ఆ చెరువు జోలికి పోవద్దు. లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో తోలించి, గడ్డలు ఎండి చిట్లాక చేనంతా సమంగా పరిచి, మొదటి దుక్కిలో కలిపేయండి. ఆరెకరాలకూ ఒకే ఏడు ట్రాక్టర్ బాడుగ పెట్టుకోలేరు. ఏడాదికి రెండెకరాల చొప్పున, కొర్ర చేనుతో మొదలుపెట్టండి.